బావిలోకి లో వోల్టేజీ మోటారు: ఒకే మాటలో మూడు సంగతులు

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. హిందూపురం నుంచి వచ్చి నలభై ఏళ్ళుగా బెంగళూరులోనే, రామమూర్తినగర్ పక్కన ఉంటున్నారు. ఇంటి వెనక పాత చేదబావి ఉంది. 2024 ఎండాకాలంలో వీధి బోరు ఎండిపోయి, ట్యాంకరు కోసం అర్ధరాత్రి దాకా మేలుకోవలసి వచ్చినప్పుడు ఆయన ఆ బావి మీది బండ తీయించారు. పూడిక తీస్తే అడుగున నీళ్ళు కనబడ్డాయి. ఇప్పుడు దాంట్లో మోటారు దించాలి. సోలార్ పలకల అబ్బాయి వచ్చి "లో వోల్టేజీ మోటారు వేసుకోండి, భద్రం" అన్నాడట. పెద్దాయన నన్ను నిలబెట్టి అడిగారు: "ఏమప్పా, మా ఊర్లో లో వోల్టేజీ వచ్చే కదా మోటార్లన్నీ కాలిపోయింది! ఈయన డబ్బిచ్చి లో వోల్టేజీ కొనుక్కోమంటాడే?"

ఈ ప్రశ్నలోనే అసలు చిక్కంతా ఉంది. మన ఇళ్ళలో ఒకే మాటను మూడు వేర్వేరు సంగతులకు వాడుతున్నాం.

## ఒక పేరు, మూడు అర్థాలు

మొదటిది మన ఊళ్ళలో అందరికీ తెలిసిన లో వోల్టేజీ. తీగలో 230 వోల్టులు రావలసిన చోట 180 వస్తుంది, బల్బు ఎర్రగా మినుకుతుంది, మోటారు మూలుగుతుంది. ఇది సరఫరాలో లోపం. 230 వోల్టుల కోసం చేసిన మామూలు ఇండక్షన్ మోటారులో తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని అనుసరించి తగ్గుతుంది. 180ని 230తో భాగించి వర్గం చేస్తే 0.61 వస్తుంది, అంటే బలం అరవై శాతానికి పడిపోయినట్టు. ఎత్తవలసిన నీటి బరువు మాత్రం తగ్గదు. ఆ బరువును లాగడానికి మోటారు ఎక్కువ కరెంటు గుంజుతుంది, లోపలి రాగి తీగ చుట్ట వేడెక్కుతుంది, చివరికి కాలిపోతుంది. పెద్దాయన చూసింది ఇదే.

రెండోది విద్యుత్ శాఖ భాష. లైన్‌మన్ "ఎల్టీ (లో టెన్షన్) లైను" అంటే మన ఇంటికి వచ్చే 230 లేదా 400 వోల్టుల తీగ. అంతర్జాతీయ ప్రమాణాల్లోనూ ఏసీలో (దిశ మారుతూ పారే ఇంటి కరెంటు) 1000 వోల్టుల దాకా, డీసీలో (ఒకే దిశలో పారే బ్యాటరీ, సోలార్ కరెంటు) 1500 వోల్టుల దాకా "తక్కువ వోల్టేజీ" కిందే లెక్క. ఆ లెక్కన మనిషిని చంపగల ఇంటి కరెంటు కూడా లో వోల్టేజీయే.

మూడోది సోలార్ అబ్బాయి చెప్పింది. 12, 24 లేదా 48 వోల్టుల డీసీతో నడిచేలా మొదటి నుంచీ తయారైన మోటారు. ప్రమాణాల్లో దీన్ని "అతి తక్కువ వోల్టేజీ" అంటారు. ఏసీలో 50 వోల్టులు, డీసీలో 120 వోల్టులు దాటనిది. 24 వోల్టుల మోటారుకు 24 వోల్టులు అందడమంటే నిండు భోజనమే. దానికి 18 మాత్రమే అందితే, అప్పుడు దానికీ మొదటి అర్థంలో లో వోల్టేజీ వచ్చినట్టు. మూడో అర్థంలోని మోటారు మొదటి అర్థంలోని జబ్బుకు ఎంత తేలిగ్గా చిక్కుతుందో తీగల దగ్గర చూద్దాం.

## బావులు మళ్ళీ ఎందుకు తెరుచుకుంటున్నాయి

2024 మార్చిలో ప్రభుత్వమే చెప్పిన లెక్క ప్రకారం నగరంలోని దాదాపు 14 వేల ప్రభుత్వ బోర్లలో సగం దాకా ఎండిపోయాయి. బోరు నీరు వేయి అడుగుల లోతున రాతి పగుళ్ళలో ఉండేది. బావి నీరు అలా కాదు. బండరాయికి పైన మొరం, మట్టి పొరల్లో నిలిచే వాననీరు అది. వాన ఇంకితే ఆ ఏడే బావి మట్టం పెరుగుతుంది. అందుకే కబ్బన్ పార్కులో పాత బావుల పూడిక తీయించి వాడుకలోకి తెచ్చారు. నీటి సంరక్షణ మీద పనిచేసే బయోమ్ ట్రస్టు వాళ్ళు నగరానికి పది లక్షల బావులు కావాలని ఒక ఉద్యమమే నడుపుతున్నారు. 2009లో బెంగళూరు జలమండలి (నీటి సరఫరా బోర్డు) చట్టాన్ని సవరించి, పెద్ద స్థలాల్లోని పాత ఇళ్ళకూ 30×40 అడుగులు, ఆ పైన స్థలాల్లో కట్టే కొత్త ఇళ్ళకూ వాననీటి ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఆ ఏర్పాటులో భాగంగా చాలామంది ఇంటి ముందు సిమెంటు వరలు దించి ఇంకుడు బావులు తవ్వించుకుంటున్నారు. తరతరాలుగా ఈ బావులు తవ్వుతున్నది మన్ను వడ్డర్లు. వాళ్ళు వరలు దించుతుంటే పక్కన నిలబడి వినండి, తెలుగు మాట చెవిన పడుతుంది. ఈ నగరపు నీటి చరిత్రలో వాళ్ళ చెమటకు దక్కిన చోటు చాలా తక్కువ.

తవ్వినవాళ్ళ పని బావితో అయిపోతుంది. ఆ నీటిని పైకి తెచ్చే సాధనం దగ్గర ఇంటివాళ్ళ తికమక మొదలవుతుంది.

## ఎంత నీరు, ఎంత ఎత్తు: అసలు కావలసిన బలం

పెద్దాయన బావినే లెక్కకు తీసుకుందాం. నాలుగడుగుల వెడల్పు, ముప్పై అడుగుల లోతు. ఏప్రిల్‌లో నీటి మట్టం నేలకు ఇరవై అడుగుల కింద, అంటే 6 మీటర్లు. మేడ మీది ట్యాంకు నోరు నేల నుంచి 10 మీటర్లు. పైపులో, వంపుల్లో రాపిడి వల్ల పోయే బలాన్ని మరో 2 మీటర్ల ఎత్తుగా లెక్కవేస్తారు. మొత్తం 18 మీటర్లు. పంపుల వాళ్ళు దీన్నే "హెడ్" అంటారు.

గంటకు 1000 లీటర్లను 18 మీటర్లు ఎత్తాలంటే నికరంగా కావలసింది 49 వాట్లు. చిన్న పంపులు తిన్న కరెంటులో మూడో వంతు, మహా అయితే నలభై శాతం మాత్రమే నీటికి అందిస్తాయి కాబట్టి మోటారు 130 వాట్ల దాకా లాగుతుంది. రెండు సీలింగ్ ఫ్యానులంత.

ఆ ఇంట్లో నలుగురు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని మన దేశపు కొలమానం. నలుగురికీ 540 లీటర్లు. గంటకు 1000 లీటర్లిచ్చే చిన్న మోటారు అర గంటకు కాస్త పైగా నడిస్తే ఇంటి అవసరం తీరిపోతుంది. ఇది తెలిశాక ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు ఎందుకనే ప్రశ్న దానంతటదే వస్తుంది.

పై నుంచి పీల్చే మోటారును గట్టు మీద పెట్టుకోవచ్చు కదా అని అడిగేవాళ్ళున్నారు. పీల్చే పంపు నిజానికి నీటిని లాగదు. అది పైపులో గాలి తగ్గిస్తే బయటి గాలి ఒత్తిడి నీటిని పైకి తోస్తుంది. సముద్ర మట్టాన ఆ తోపు హద్దు 10.3 మీటర్లు. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ గాలి పలచన. కాగితం మీదే హద్దు తొమ్మిది మీటర్ల చిల్లరకు దిగుతుంది, వాడుకలో ఆరేడు మీటర్లు దాటితే నమ్మకం లేదు. ఈ బావి ఏప్రిల్‌లోనే ఆ అంచున ఉంది. నీటిలో మునిగి కింది నుంచి తోసే మోటారు వైపు మొగ్గడానికి కారణం ఇదే.

## తీగలో తప్పిపోయే వోల్టులు

వాట్లు అంటే వోల్టులను ఆంపియర్లతో గుణించగా వచ్చేది. అదే 130 వాట్ల పనికి 48 వోల్టుల మీద 2.7 ఆంపియర్లు చాలు. 24 మీద 5.4 కావాలి, 12 మీద 11 కావాలి. వోల్టేజీ తగ్గిన కొద్దీ కరెంటు పెరుగుతుంది, తీగలో నష్టం కరెంటును బట్టి ఉంటుంది.

మేడ మీది సోలార్ పలకల పెట్టె నుంచి బావి అడుగున ఉన్న మోటారు దాకా తీగ 30 మీటర్లనుకుందాం. పోను, రాను కలిపితే రాగి 60 మీటర్లు. ఇళ్ళలో ప్లగ్గులకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే ఆ 60 మీటర్ల నిరోధం 0.44 ఓములు. దాన్ని 11 ఆంపియర్లతో గుణించండి: 4.8 వోల్టులు. పన్నెండులో దాదాపు ఐదు దారిలోనే పోయాయి. మోటారుకు అందేది ఏడు. పెద్దాయన ఊరి జబ్బు ఇప్పుడు ఆయన పెరట్లోకి వచ్చేసింది!

అదే తీగ మీద 24 వోల్టులైతే నష్టం 2.4 వోల్టులు, పదో వంతు. 48 అయితే 1.2 వోల్టులు, నూటికి రెండున్నర. వోల్టేజీ రెట్టింపైతే నష్టం శాతం నాలుగో వంతుకు దిగుతోందని గమనించండి. 230 వోల్టుల మోటారుకు అదే దూరంలో అర వోల్టు కూడా పోదు.

తీగ లావు చేస్తే? 6 చదరపు మిల్లీమీటర్ల తీగతో 12 వోల్టుల మోటారు నష్టం 2 వోల్టులకు, 24 వోల్టులది ఒక వోల్టుకు తగ్గుతుంది. కానీ రాగికి రాగి ధర. ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టులదే కదా, దానికే తగిలిద్దామనే ఆలోచన చాలా ఇళ్ళలో ఇక్కడే కూలిపోతుంది. బ్యాటరీ హాల్లో ఉంటుంది, బావి పెరట్లో ఉంటుంది. నా అంచనాలో 12 వోల్టులు తోటలో సంపు పక్కన పనికొచ్చే కొలత. ఇంటి బావికి మాట మొదలయ్యేది 24 నుంచే.

ఇక వేయి అడుగుల బోరు చూడండి. అదే 1000 లీటర్లను 300 మీటర్లు ఎత్తాలి. పెద్ద పంపు తిన్న కరెంటులో సగం నీటికి అందించినా మోటారు 1600 వాట్లు అడుగుతుంది. 24 వోల్టుల మీద అది 67 ఆంపియర్లు. అంత కరెంటు అంత దూరం మోయాలంటే బొటనవేలంత లావు తీగ కావాలి. బోరులో అతి తక్కువ వోల్టేజీ మాట ఎత్తనవసరం లేదు.

## సోలార్ అనగానే తక్కువ వోల్టేజీ కాదు

ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం కింద పొలాల్లో వేసిన మూడు, ఐదు, ఏడున్నర హార్స్‌పవర్ల సోలార్ మోటార్లను చూసి, ఇంట్లోనూ అదే రకమనుకుంటారు. ఆ పెద్ద మోటార్ల కోసం పలకలను ఒకదాని వెనక ఒకటి కలుపుతారు, డీసీ వోల్టేజీ వందల్లోకి వెళ్తుంది. అది ఇంటి కరెంటుకన్నా మొండిది. "24 వోల్టులది" అని అమ్మే పలక కూడా ఏ బరువూ లేనప్పుడు ఎండలో 40 వోల్టులు దాటి చూపిస్తుంది.

ఇంటి బావికి మాత్రం సోలార్ లెక్క చక్కగా కుదురుతుంది. 200 వాట్ల పలక బెంగళూరు ఎండకు రోజుకు ఐదు గంటల నిండు వెలుగు అందుకుంటుందనుకుని, నష్టాలు పాతిక శాతం తీసేస్తే 750 వాట్-గంటలు. వేయి లీటర్లకు 130 చొప్పున 5700 లీటర్లు ఎత్తవచ్చు. జూలై ముసురులో మూడో వంతే వచ్చినా 1900 లీటర్లు. ఇంటికి కావలసింది 540. పైన ట్యాంకు ఉన్నప్పుడు బ్యాటరీ అవసరమే ఉండదు, మధ్యాహ్నపు ఎండను నీటి రూపంలో మేడ మీద దాచుకున్నట్టే.

## డబ్బా మీద రెండు అంకెలు

డబ్బా మీద "గరిష్ఠ ఎత్తు 30 మీటర్లు, గరిష్ఠ ప్రవాహం గంటకు 3000 లీటర్లు" అని రాసి ఉంటుంది. చదివినవాళ్ళు 30 మీటర్ల ఎత్తుకు 3000 లీటర్లు వస్తాయనుకుంటారు. ఆ రెండూ ఒకేసారి జరగవు. గరిష్ఠ ఎత్తంటే నీరు అక్కడిదాకా ఎక్కి ఆగిపోయే చోటు, అక్కడ ప్రవాహం సున్నా. గరిష్ఠ ప్రవాహం పైపు పైకెత్తకుండా నేల మీద వదిలేసినప్పటిది. మన 18 మీటర్ల దగ్గర వచ్చేది ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. అది కంపెనీ ఇచ్చే గీతపటంలోనే తెలుస్తుంది.

లోపలి రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. చక్రం తిప్పి నీటిని విసిరే రకంలో ఎత్తు పెరిగిన కొద్దీ ప్రవాహం జారిపోతుంది. మరమేకులా మెలితిరిగిన కడ్డీతో నీటిని తోసే రకం ఎత్తు మారినా దాదాపు ఒకేలా ఇస్తుంది, కానీ ఇసుక, బురద తగిలితే దాని రబ్బరు తొడుగు అరిగిపోతుంది. అన్నిటికన్నా చవకగా దొరికే పొర కదిలే రకంలో బొగ్గు బ్రష్షులుంటాయి, అవి అరిగేవే. రోజూ నడిచే బావికి బ్రష్షుల్లేని మోటారు మేలు.

## భద్రమేనా?

తడి చర్మంతో ఉన్న మనిషి శరీర నిరోధాన్ని స్థూలంగా 1000 ఓములనుకుంటే, 230 వోల్టులు తగిలినప్పుడు 230 మిల్లీ ఆంపియర్లు పారతాయి. ఇళ్ళలో ప్రాణరక్షణకు పెట్టే ఆర్‌సీసీబీ అనే స్విచ్చి 30 మిల్లీ ఆంపియర్ల దగ్గరే తెగిపోయేలా ఉంటుంది, దాన్నిబట్టి 230 ఎంత పెద్దదో ఊహించవచ్చు. 24 వోల్టులకైతే 24 మిల్లీ ఆంపియర్లు: జివ్వుమంటుంది, ప్రాణం మీదికి రావడం అరుదు. బావి గట్టు మీద తడికాళ్ళతో నిలబడే ఆడవాళ్ళను, పిల్లలను తలుచుకుంటే ఈ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

దీనికి ఎలక్ట్రీషియన్లు చెప్పే ఎదురుమాట కొట్టిపారేయదగ్గది కాదు. సరైన ఎర్తు, పనిచేసే ఆర్‌సీసీబీ ఉంటే 230 వోల్టుల మోటారు కూడా భద్రంగానే నడుస్తుందంటారు. నిజమే. పాత ఇళ్ళలో ఎర్తు పిన్ను ప్లగ్గు దాకా ఉండి, దాని వెనక ఏమీ లేకపోవడం కూడా అంతే నిజం.

తక్కువ వోల్టేజీకీ తన ప్రమాదాలున్నాయి. బ్యాటరీ మీద నడిపితే, తీగలు ఒకదానికొకటి తగిలిన క్షణంలో పెద్ద ఇన్వర్టర్ బ్యాటరీ వెయ్యి ఆంపియర్లకు పైగా వదలగలదు. షాకు కొట్టని ఆ 12 వోల్టులే ఇల్లు అంటించగలవు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టేది అందుకే. ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాను తాకుతుంది కాబట్టి స్విచ్చిలో నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు, మామూలు స్విచ్చిలో రవ్వ సాగుతుంది, కాబట్టి డీసీ కోసం చేసిన స్విచ్చే కావాలి. ఇంటి కరెంటును 24 వోల్టులకు దించే అడాప్టరు వాడితే, లోపల రెండు వైపులనూ పూర్తిగా వేరుచేసిన రకం కాకపోతే భద్రత పేరుకే. లోపం వచ్చిన రోజున 230 నేరుగా నీటిలోకి దిగుతుంది.

మరో సంగతి. మనిషి నీటిలో మునిగి ఉండే చోట్లకు, ఉదాహరణకు ఈతకొలనుల్లోకి, అంతర్జాతీయ ప్రమాణాలు డీసీలో 30 వోల్టులకు మించి ఒప్పుకోవు. ఆ కొలతతో చూస్తే 24 లోపల ఉంటుంది, 48 బయట పడుతుంది. పూడిక తీయడానికి మనిషి దిగినప్పుడు ఏ వోల్టేజీ మోటారైనా తీగ పీకేసి ఉండాల్సిందే. బావిలో గాలి చెడి ప్రాణాలు పోవడం వోల్టులతో పనిలేని మరో అపాయం.

నీటిలోని అతుకు గురించి ఎవరూ ముందుగా చెప్పరు. డీసీ తీగ అతుకులోకి తడి చేరితే, ప్లస్ వైపు రాగి విద్యుద్విశ్లేషణతో కరుగుతూ పచ్చగా మారిపోతుంది. కొన్నాళ్ళకు మోటారు ఆగిపోతుంది, చెడింది మోటారేనని మనం అనుకుంటాం.

## మెల్లని బావికి మెల్లని మోటారు

నన్నడిగితే మొత్తం వ్యవహారంలో ముఖ్యమైనది ఇది. వోల్టుల గొడవలో బావిని మరచిపోతున్నాం.

పెద్దాయన బావిలో ఒక అడుగు నీరంటే దాదాపు 355 లీటర్లు. పూడిక తీసిన రోజున నీళ్ళు తోడేశాక చూస్తే గంటకు అడుగు చొప్పున ఊట తిరిగి నిండింది, అంటే గంటకు 355 లీటర్లు. మోటారును బురద పీల్చకుండా అడుగుకు రెండడుగుల పైన వేలాడదీస్తే వాడుకోగల నీరు ఎనిమిదడుగులు, దాదాపు 2800 లీటర్లు. గంటకు 1000 లీటర్లు తోడే మోటారు నాలుగు గంటలు ఆగకుండా నడవగలదు. గంటకు 3000 తోడే అర హార్స్‌పవర్ మోటారు దాదాపు గంటలోనే గాలి పీలుస్తుంది. నీటితోనే చల్లబడే మోటారుకు అది ప్రాణాంతకం. పైగా మట్టం ఒక్కసారిగా జారినప్పుడు ఊట కళ్ళలోంచి మట్టి కూడా కొట్టుకొస్తుంది.

ఈ గుణం వోల్టేజీది కాదు, పరిమాణానిది. 230 వోల్టుల్లోనూ చిన్న మోటార్లు దొరుకుతాయి. కాకపోతే అంగడిలో అవి అడిగితేనే బయటికొస్తాయి, అడగకపోతే ఒక హార్స్‌పవర్ చేతిలో పెడతారు.

## బిల్లు, మరమ్మతు

కరెంటు బిల్లు తగ్గుతుందనే మాట ఇంటి బావి విషయంలో పెద్దగా నిలవదు. అర హార్స్‌పవర్ మోటారు 550 వాట్లు తిని గంటకు 3000 లీటర్లిస్తే, వేయి లీటర్లకు 0.18 యూనిట్లు. డీసీది 0.13. నెలకు తేడా ఒక యూనిట్ కూడా కాదు. పొదుపు బావిలోనే ఉంది: దాదాపు వంద కిలోమీటర్ల అవతలి నుంచి, సుమారు 500 మీటర్లు పైకెత్తి తెచ్చే కావేరి నీటికి యంత్రాల నష్టాలు కలపకుండానే వేయి లీటర్లకు ఒకటింపావు యూనిట్లకు పైగా ఖర్చవుతుంది.

మరమ్మతు దగ్గర పాత మోటారుదే పైచేయి. అది కాలితే ఏ పేటలోనైనా వైండింగ్ షాపువాళ్ళు రెండు రోజుల్లో చుట్టిస్తారు. బ్రష్షుల్లేని డీసీ మోటారులో పోయేది చుట్ట కాదు, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు. ఎలక్ట్రికల్ అంగళ్ళుండే ఎస్‌జేపీ రోడ్డంతా తిరిగినా ఆ మోడల్ బోర్డు దొరక్కపోవచ్చు. బోర్డును నీళ్ళలోని మోటారులో కాకుండా గట్టు మీది పెట్టెలో ఉంచిన రకమైతే మార్చడమైనా తేలిక. రోజంతా కరెంటు ఉన్న వీధిలో, మంచి ఎర్తు ఉన్న ఇంట్లో చిన్న 230 మోటారు ఎంచుకున్నవాళ్ళను తప్పుపట్టలేను. కరెంటు కోతలున్న శివార్లలో, మేడ మీద ఎండ దండిగా పడే ఇళ్ళలో 24 వోల్టుల మోటారు మొగ్గు తెచ్చుకుంటుంది.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పెద్దాయనకు ఇచ్చాను. కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, ఒక్కచోట వేలు పెట్టారు: "ఇరవై అడుగులనేది ఏప్రిల్ లెక్క కదప్పా. మే నెలాఖరుకు ఇంకా దిగుతుందే." దిగితే హెడ్ పెరుగుతుంది, నీటి లోతు తగ్గుతుంది, తీగ పొడవు కూడా మారుతుంది. చేంతాడుకు అడుగుకొక ముడి వేసి, చివర రాయి కట్టి, ప్రతి ఆదివారం పొద్దున బావిలోకి వదిలి క్యాలెండర్ మీద అంకె రాసుకుంటున్నారు. సోలార్ అబ్బాయిని జూన్‌లో రమ్మన్నారు.